సప్రెసర్‌ను వేడి నుంచి కాపాడుకోవడం, శుభ్రం చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మన ఊళ్లలో సైలెన్సర్ అంటే బుల్లెట్ బండి వెనక ఉండే గొట్టమే. టెక్సస్‌లో స్థిరపడి, వారాంతాల్లో తుపాకీ కాల్చే రేంజ్‌కో అడవిపందుల వేటకో వెళ్లే తెలుగువాళ్లకు ఆ మాటకు ఇంకో అర్థం కూడా తెలుసు: తుపాకీ మూతికి బిగించే సప్రెసర్. కొత్తగా కొన్నవాళ్లు నాకు ఫోన్ చేసి అడిగేవి దాదాపుగా అవే ప్రశ్నలు. ఒకే జవాబు పదిసార్లు చెప్పాక రాసి పెట్టడమే నయమనిపించింది. దేనికది విడిగా చదువుకునేలా రాశాను. నా మాటకూ మీ సప్రెసర్‌తో వచ్చిన పుస్తకానికీ తేడా కనిపిస్తే పుస్తకాన్నే నమ్మండి.

## కొనే ముందు, కొన్న కొత్తలో

బ్యారెల్ (తుపాకీ గొట్టం) కంటే సప్రెసర్ ఎందుకంత త్వరగా కాగిపోతుంది?

తూటాను తోసే వాయువు పుట్టినప్పుడు రెండు వేల డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉంటుంది. సప్రెసర్ లేకపోతే అది మూతి దాటగానే గాలిలో కలిసిపోతుంది. సప్రెసర్ దాన్ని పట్టి ఆపి, బ్యాఫిల్స్ అనే అడ్డుగోడల మధ్య గదిగదికీ తిప్పి, మెల్లగా బయటికి వదులుతుంది. చప్పుడు తగ్గేది అలాగే, వేడి లోహంలో మిగిలిపోయేదీ అలాగే. పైగా బ్యారెల్ దిట్టమైన ఉక్కు కడ్డీ, సప్రెసర్ పలుచని గొట్టం. దోసె పెనానికీ పలుచటి పాలగిన్నెకూ ఒకే మంట పెడితే ఏది ముందు కాగుతుందో మీకు తెలుసు.

సప్రెసర్‌కు 1909లో పేటెంట్ పొందిన హైరమ్ పెర్సీ మాగ్జిమ్ ఇంజన్ల చప్పుడు తగ్గించే మఫ్లర్ల మీద కూడా పనిచేశాడు. కాబట్టి బండి సైలెన్సర్‌తో చుట్టరికం పేరులోనే కాదు, పనిలోనూ ఉంది. మెషిన్‌గన్ కనిపెట్టిన మాగ్జిమ్ ఇతని తండ్రి. తండ్రి చప్పుడు పెంచాడు, కొడుకు తగ్గించాడు.

టైటానియం కొనాలా, స్టీలా, ఇంకోనెలా? వేడికి ఏది ఆగుతుంది?

మీరు ఎలా కాలుస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. వేటలో రోజంతా నడిచి రెండు మూడు తూటాలు కాల్చేవాళ్లకు టైటానియం హాయి, తుపాకీ మూతి బరువెక్కదు. కానీ సాధారణంగా వాడే గ్రేడ్ 5 టైటానియం 400 డిగ్రీల సెల్సియస్ దాటాక బలం కోల్పోవడం మొదలుపెడుతుంది. వేగంగా మ్యాగజైన్లు (తూటాలు నింపే పెట్టెలు) ఖాళీ చేసే అలవాటుంటే అది మీ లోహం కాదు.

17-4 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బరువు, కానీ ఓర్పు ఎక్కువ. దాన్ని గట్టిపరిచే ప్రక్రియల్లో ఒకటి 480 డిగ్రీల దగ్గర జరుగుతుంది. మీరు కాల్చి కాల్చి మళ్లీమళ్లీ ఆ స్థాయికి మించి తీసుకెళితే ఆ గట్టితనమే సడలిపోతుంది. ఇంకోనెల్ 718 జెట్ ఇంజన్లలో వాడే మిశ్రలోహం, 650 డిగ్రీల దగ్గర కూడా బలంగా నిలుస్తుంది. స్టెలైట్ అనే కోబాల్ట్ మిశ్రమం వేడిలోనూ అరుగుదలను తట్టుకుంటుంది, అందుకే కొన్నింటిలో మొదటి బ్యాఫిల్‌ను దానితో చేస్తారు. అల్యూమినియం పాయింట్ 22 వంటి చిన్న తూటాలకే పనికొస్తుంది. 7075 రకం అల్యూమినియం 150 డిగ్రీలకే మెత్తబడటం మొదలవుతుంది.

ఒకటే కొనుక్కుని అన్నిటికీ వాడతానంటే నా ఓటు స్టీలుకు. బరువుకు చెయ్యి అలవాటు పడుతుంది.

నేను హెచ్‌-1బీ మీద ఉన్నాను. కొనవచ్చా?

అమెరికా ఫెడరల్ చట్టం దృష్టిలో సప్రెసర్ కూడా తుపాకీయే. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఆ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఆ మినహాయింపు మీకు వర్తిస్తుందో లేదో దుకాణదారు మాట మీద ఆధారపడి తేల్చుకోకండి. తేడా వస్తే పోయేది డబ్బు కాదు, వీసా. లాయరును అడగండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు.

పన్ను ఎత్తేశారట కదా, ఇక రిజిస్ట్రేషన్ అక్కర్లేదా?

అక్కర్లేదనుకోవడం పొరపాటు. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ చట్టం కింద వసూలు చేసిన 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సప్రెసర్లకు సున్నా అయింది. దరఖాస్తు, వేలిముద్రలు, ఫొటో, అనుమతి వచ్చేదాకా ఎదురుచూడటం అన్నీ అలాగే ఉన్నాయి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, ఇలినాయ్ వంటి రాష్ట్రాల్లో సామాన్యులు అసలు ఉంచుకోకూడదు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న బావగారికి చూపిద్దామని కారులో పెట్టుకుని బయలుదేరకండి.

ఇండియాకు తీసుకెళ్లవచ్చా? మామయ్య దగ్గర లైసెన్సున్న తుపాకీ ఉంది.

వద్దు. భారత ఆయుధాల చట్టం, 1959 తుపాకీకి ఇచ్చిన నిర్వచనంలోనే చప్పుడునూ మెరుపునూ తగ్గించే పరికరాలను చేర్చింది. మామయ్య లైసెన్సు ఆయన తుపాకీకి మాత్రమే. అమెరికా నుంచి బయటికి పంపడానికి ఇక్కడి ఎగుమతి చట్టాల అనుమతి వేరే కావాలి.

## కాల్చే ముందు

బ్యారెల్‌తో సప్రెసర్ ఒకే వరసలో ఉందో లేదో ప్రతిసారీ చూడాలా?

బిగించిన ప్రతిసారీ చూడాలి. ముందు తుపాకీ ఖాళీ చేయండి. ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో, కళ్లతో చూడండి, వేలితో తడిమి చూడండి. బోల్టు, అంటే ఆ గదిని వెనక నుంచి మూసే భాగం, బయటికి తీయగలిగిన రైఫిల్ అయితే తీసి పక్కన పెట్టండి. మీ తుపాకీ కొలతకు సరిపోయే అలైన్‌మెంట్ కడ్డీని బ్యారెల్‌లో పెట్టి, సప్రెసర్ చివరి రంధ్రంలో అది నడిమధ్యన వస్తోందో లేదో చూడండి. ఒక పక్కకు ఒరిగి ఉంటే కాల్చకండి.

మర మీద మసి గడ్డ ఒకటి ఉన్నా సప్రెసర్ వెంట్రుకవాసి వంకరగా కూర్చుంటుంది. ఆ వంకర మొదటి బ్యాఫిల్ దగ్గర కనబడదు, చివరిదాని దగ్గర తూటా అంచును తాకేంత అవుతుంది. సప్రెసర్లను ఒక్క దెబ్బతో చంపేది ఇదే.

మరలకు నూనె రాయవచ్చా?

మామూలు తుపాకీ నూనె వద్దు. వేడికి అది మాడి, అడుగంటిన పప్పులా గట్టిపడి, జిగురులా పట్టేస్తుంది. అధిక ఉష్ణోగ్రతకు తట్టుకునే యాంటీసీజ్ పూత, నికెల్ లేదా రాగి కలిసినది, అగ్గిపుల్ల తల మీద పట్టేంత చాలు. దాన్ని మర మీదే రాయండి. భుజం లాగా ఉండి సప్రెసర్ ఆనుకునే చోటూ, కోను ఆకారంలో ఉండి పట్టుకునే చోటూ పొడిగా, శుభ్రంగా ఉండాలి. రాసే ముందు పాత మసిని నైలాన్ బ్రష్‌తో తీసేయాలి. మురికి మీద మందు రాసినా ప్రయోజనం లేదు.

పొట్టి బ్యారెల్‌కు బిగిస్తే నష్టమా?

నష్టమే కావచ్చు. పొట్టి బ్యారెల్‌లో మందు పూర్తిగా కాలేలోపే తూటా బయటపడుతుంది. మిగిలిన మంట, పీడనం, కాలని మందు రవ్వలు సప్రెసర్ మొదటి గదిలోకి దూసుకొస్తాయి. ఆ రవ్వలు మొదటి బ్యాఫిల్‌ను గరుకుకాగితంలా రాపాడతాయి. 5.56 తూటాకు 20 అంగుళాల బ్యారెల్‌తో ఏళ్లతరబడి ఆగే సప్రెసర్ 10.5 అంగుళాలతో త్వరగా అరిగిపోతుంది. తయారీదారు ఏ తూటాకు ఎంత పొడవు తగ్గకూడదో పుస్తకంలో రాస్తాడు. అది సలహా కాదు, హద్దు. ఆ హద్దు దాటితే వారంటీ కూడా దక్కకపోవచ్చు.

## కాలుస్తున్నప్పుడు

ఎన్ని రౌండ్లకు ఒకసారి ఆగాలి?

అందరికీ పనికొచ్చే అంకె లేదు. లోహం, తూటా, బ్యారెల్ పొడవు, ఆ రోజు ఎండ, అన్నీ లెక్కలోకి వస్తాయి. పుస్తకంలో కాల్పుల వేగం గురించి హద్దు రాసి ఉంటే అదే ప్రమాణం.

లేనప్పుడు నేను చేసేది పెనం పరీక్ష. తుపాకీ ఖాళీ చేసి, బోల్టు తెరిచి పెట్టి, వేలికొసతో ఒకే ఒక్క నీటిచుక్క సప్రెసర్ పైభాగం మీద చిలకరిస్తాను. చుక్క అలాగే నిలిస్తే ఇంకా కాల్చవచ్చు. సుయ్‌మని ఇంకిపోతే వంద డిగ్రీలు దాటింది. టైటానియం అయితే అక్కడ కాసేపు ఆగుతాను. చుక్క ఇంకకుండా ముత్యంలా గుండ్రంగా మారి జారిపోతే రెండు వందల డిగ్రీల చుట్టుపక్కలో, ఆ పైనో ఉందని అర్థం, ఏ లోహమైనా తుపాకీ కింద పెట్టేస్తాను. దోసెలు వేసే ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది నేర్పనక్కర్లేదు.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొన్నాను. 90 డిగ్రీలే చూపిస్తోంది, కానీ చేతి తొడుగు కమురు వాసన వస్తోంది. ఏది నిజం?

తొడుగు చెప్పేదే నిజం. మెరిసే లోహం తన వేడిని తక్కువగా వెలువరిస్తుంది, అందుకని ఆ థర్మామీటర్ అసలు కంటే తక్కువ చూపిస్తుంది. మెరుపు లేని నల్ల పూత మీద అది చాలావరకు సరిగ్గా పనిచేస్తుంది. నున్నటి టైటానియం మీద దాని అంకెను నమ్మకండి.

గోధుమరంగు, తర్వాత నీలం, ఊదా రంగులు వచ్చాయి. పాడైపోయిందా?

రంగు మారినంత మాత్రాన పాడవదు. వేడికి లోహం ఉపరితలం మీద పలుచటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. పొర మందాన్ని బట్టి దానిమీద వెలుగు రంగులు మారుతుంది, నీళ్ల మీద పడ్డ నూనెచుక్కలాగే. టైటానియం మీద ఆ రంగులు ఇష్టపడి తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. మీరు చూడవలసింది వేరు: గొట్టం ఎక్కడైనా ఉబ్బిందా, వెల్డింగ్ గీత వెంట వెంట్రుకలాంటి పగులు ఉందా, చివరి మూత రంధ్రం గుండ్రంగానే ఉందా.

చీకట్లో సప్రెసర్ సన్నగా ఎర్రగా కనిపించింది. భయపడాలా?

ఆగండి, చల్లారనివ్వండి. ఉక్కు చీకట్లో ఎర్రగా కనిపించడం 500 డిగ్రీలు దాటాక మొదలవుతుంది. ఇంకోనెల్ దాన్ని తట్టుకోగలదు, టైటానియంకు మాత్రం ముప్పు. బ్యారెల్ కూడా బాగా కాగి ఉంటుంది కాబట్టి ఛాంబర్‌లో తూటా ఉంచకండి. వేడికి అది ట్రిగ్గర్ నొక్కకుండానే పేలవచ్చు. పూర్తిగా చల్లారాక వరసను కడ్డీతో కొలిచి చూసేదాకా మళ్లీ కాల్చవద్దు.

పైన కవర్ తొడిగితే వేడి నుంచి రక్షణే కదా?

మీకు రక్షణ, సప్రెసర్‌కు శిక్ష. కవర్ చలికాలపు రగ్గులాంటిది. చెయ్యి కాలకుండా, పక్కన ఉన్నది తగలబడకుండా కాపాడుతుంది, లోపలి వేడిని మాత్రం బయటికి పోనివ్వదు. వేటలో కొద్ది తూటాలకు వాడండి. వేగంగా కాల్చే రోజున తీసి సంచిలో పెట్టండి. రెండు మూడు మ్యాగజైన్లు కాల్చి, కవర్ తొడిగే ఉంచి భోజనానికి వెళ్లిపోయినవాళ్లను చూశాను. తిరిగొచ్చాక కూడా సప్రెసర్ ముట్టుకోలేనట్టే ఉంది.

స్కోపులో లక్ష్యం నీళ్లలో ఊగినట్టు కనిపిస్తోంది. స్కోపు పాడైందా?

స్కోపు బాగానే ఉంది. కాగిన సప్రెసర్ నుంచి లేచే వేడిగాలి మీ చూపుకు అడ్డంగా నిలబడింది. మే నెలలో తారురోడ్డు మీద కనబడే ఎండమావి ఇదే. దీనికి మాత్రం కవర్ పనికొస్తుంది. కాల్చడం ఆపి కూర్చోవడం ఇంకా మేలు.

టైటానియం సప్రెసర్ నుంచి నిప్పురవ్వలు వస్తున్నాయి. లోపల కాలిపోతోందా?

టైటానియం నుంచి ఊడే సన్నని రేణువులు గాలిలో తెల్లగా మెరుస్తూ కాలతాయి. కాసిని రవ్వలు కొత్తలో సహజం. ప్రతి తూటాకూ జల్లులా వస్తుంటే బ్యాఫిల్ అరుగుతోందని అర్థం. ఎండిన గడ్డి నేల మీద బోర్లా పడుకుని కాలుస్తున్నప్పుడు ఈ రవ్వలను తేలిగ్గా తీసుకోకండి. ఆగస్టులో ఇక్కడి గడ్డికి అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు. పక్కన నీళ్ల డబ్బా పెట్టుకోండి.

కాలుస్తుంటే వదులైపోతోంది. గట్టిగా బిగించాలా?

వేడికి లోహం వ్యాకోచిస్తుంది, ప్రతి తూటా కుదుపుకూ మర కొంచెం తిరుగుతుంది. నేరుగా మరకు బిగించే రకాలు ఇలా వదులవుతాయి. పది రౌండ్లకు ఒకసారి తుపాకీ ఖాళీ చేసి, దళసరి తొడుగు వేసుకుని బిగుతు చూసుకోండి. చేతిబలం చాలు. స్పానర్ పట్టి బిగిస్తే చల్లారాక ఊడదీయడానికి ఇద్దరు కావాలి.

## చల్లారేటప్పుడు

త్వరగా చల్లారాలని నీళ్లలో ముంచవచ్చా?

వద్దు. ఎర్రగా కాగిన ఇనుము నీళ్లలో పెట్టే కమ్మరికి తన ఉద్దేశం ఏమిటో తెలుసు. మన ఉద్దేశం అది కాదు. బయటి గొట్టం ఒక్కసారిగా ముడుచుకుంటుంది, లోపలి బ్యాఫిల్ ఇంకా వేడిగానే ఉంటుంది, ఆ లాగుడు అంతా వెల్డింగుల మీద పడుతుంది. పైగా లోపల చేరిన నీళ్లు క్షణంలో ఆవిరై రంధ్రం గుండా మీ ముఖం మీదికి వస్తాయి. నీడలో, గాలి తగిలే చోట, బోల్టు తెరిచి, తుపాకీని స్టాండులో నిలబెట్టండి. చిన్న ఫ్యాను పెట్టినా తప్పు లేదు.

ఎంతసేపయ్యాక సంచిలో పెట్టవచ్చు?

గడియారం చూడకండి, చెయ్యి పెట్టి చూడండి. ముందు కొద్ది దూరంలో అరచేయి ఉంచండి. సెగ తగలకపోతే దగ్గరికి తీసుకెళ్లండి. నిరాటంకంగా పట్టుకోగలిగినప్పుడే సంచి.

నా మొదటి ఏడాది సంగతి. వర్షం వచ్చేలా ఉందని హడావుడిగా సర్ది, తుపాకీని సంచిలో పెట్టి జిప్పు లాగేశాను. ఇంటికొచ్చి తెరిస్తే లోపలి నైలాన్ గుడ్డ కరిగి, సప్రెసర్ మీద నల్లటి చర్మంలా అంటుకుని ఉంది. నైలాన్ కరగడానికి 220 నుంచి 260 డిగ్రీలు చాలు. ఆ అతుకును పూర్తిగా వదిలించడానికి మూడు సాయంత్రాలు పట్టింది, చెక్క పుల్లతో గీకాను. సంచి చివర ఇప్పటికీ అరచేయంత కంత ఉంది. వర్షం రానే లేదు.

చెయ్యి కాలింది. ఏం రాయాలి?

ఏమీ రాయకండి, వెన్న, టూత్‌పేస్టు అసలే వద్దు. ధారగా వచ్చే మామూలు చల్లటి నీళ్ల కింద ఇరవై నిమిషాలు ఉంచండి. బొబ్బ పెద్దదైనా, చర్మం తెల్లబడి నొప్పి తెలియకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

సప్రెసర్ పట్టేసింది, ఊడి రావడం లేదు. ఏం చేయాలి?

వేడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉన్న మసి చల్లారాక సిమెంటులా గట్టిపడుతుంది. అందుకే రోజు ముగిశాక పూర్తిగా చల్లారకముందే, తొడుగుతో పట్టుకోగలిగేంత వెచ్చగా ఉన్నప్పుడు ఒకసారి తిప్పి వదులు చేయడం మంచి అలవాటు.

ఇప్పటికే పట్టేసి ఉంటే మసి వదిలించే నూనె మర దగ్గరికి ఇంకేలా పెట్టి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు బ్యారెల్‌ను సరైన బిగింపులో పట్టి తిప్పండి. గొట్టాన్ని పట్టకారుతో పట్టి నలిపేయకండి, సుత్తి తీయకండి. తుపాకీ మూతికి ఉన్న పరికరాన్ని రాక్‌సెట్ జిగురుతో అంటించి ఉంటే దానికి ఒక చిత్రమైన గుణముంది: వేడికి లొంగదు, నీళ్లలో నానబెడితే లొంగుతుంది.

## శుభ్రం చేసేటప్పుడు

ఎన్ని రౌండ్లకు ఒకసారి శుభ్రం చేయాలి?

పాయింట్ 22కు 300 నుంచి 500 రౌండ్లకు ఒకసారి. రైఫిల్ సప్రెసర్‌కు అంత తరచుగా అక్కర్లేదు. అందులో వచ్చే పీడనం, వేడి కొంత మసిని తానే ఊదేస్తుంది. తుపాకీని వారానికోసారి తుడిచే క్రమశిక్షణ మంచిదే, సప్రెసర్‌కు మాత్రం అది పనికిరాదు. మురికి వల్ల చెడిన రైఫిల్ సప్రెసర్లు నా చేతికి రాలేదు. మితిమీరి కడిగి, తప్పు ద్రావకంలో నానబెట్టి చెడగొట్టినవి వచ్చాయి.

సందేహముంటే తూకం వేయండి. కొత్తప్పుడే గ్రాముల్లో తూచి రాసిపెట్టుకుని, అప్పుడప్పుడూ మళ్లీ తూచండి. బరువు బాగా పెరిగితే లోపల మసి పేరుకుందన్నమాట. ఆ మసిలో సీసం ఉంటుంది కాబట్టి ఇంటి వంటగది త్రాసు మాత్రం వాడకండి.

పాయింట్ 22 సప్రెసర్ అంత మురికి ఎందుకు అవుతుంది?

ఆ తూటా చాలావరకు రాగి తొడుగు లేని సీసం, పైన మైనం పూత. సీసం, మైనం, మసి మూడూ కలిసి బ్యాఫిల్స్ మీద బూడిదరంగు మడ్డిగా పేరుకుంటాయి. పీడనం తక్కువ కాబట్టి ఊడిపోవు. ఎక్కువ కాలం వదిలేస్తే బ్యాఫిల్స్ గొట్టానికి అతుక్కుపోయి బయటికే రావు. అందుకే ఈ సప్రెసర్లను విప్పుకునేలా చేస్తారు.

ఎలా విప్పి కడగాలో వరసగా చెప్పండి.

తుపాకీ నుంచి వేరుచేసి, పూర్తిగా చల్లారాక, ఆరుబయట పాత వార్తాపత్రిక పరిచి కూర్చోండి. నైట్రైల్ తొడుగులు, ముఖానికి ఎన్95 మాస్కు తప్పనిసరి, ఎండిన సీసం పొడి గాలిలోకి లేస్తుంది. కంపెనీ ఇచ్చిన సాధనంతో చివరి మూత తీయండి. బ్యాఫిల్స్ ఒక్కొక్కటే జారుతూ వస్తాయి. వచ్చిన వరసలో, వచ్చిన ముఖంతోనే పేర్చి ఒక ఫొటో తీసుకోండి. మొదటిసారి ఆ ఫొటో తీయనివాడికి తర్వాత గంటసేపు పజిల్ ఖాయం.

పొడిగా గీకకండి. ముందు తుపాకీ ద్రావకంలో నానబెట్టి మడ్డిని తడపండి. స్టీలు, టైటానియం బ్యాఫిల్స్‌కు గట్టి నైలాన్ బ్రష్‌తో పాటు రాగి రంగు కంచు బ్రష్ కూడా పనిచేస్తుంది. అల్యూమినియంకు నైలాన్ మాత్రమే. తళతళా మెరిసేలా తోమాలన్న పట్టుదల వద్దు. బ్యాఫిల్ అంచూ, గొట్టంలో అది ఆనే చోటూ నున్నగా ఉంటే చాలు, గోడల మీద నల్లమరక మిగిలినా ఏమీ కాదు. కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టండి, ఆవకాయ ముక్కల పక్కన మాత్రం కాదు. లోపల ద్రావకం తడి మిగిలి ఉంటే మొదటి తూటాకు పొగ, మంట రెండూ వస్తాయి.

వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి ముంచితే సీసం క్షణాల్లో పోతుందట, నిజమా?

పోతుంది. ఎక్కడికి పోతుందన్నదే ప్రశ్న. సీసం కరిగి లెడ్ అసిటేట్ అవుతుంది, అది నీళ్లలో కలిసిపోయే విషం. ముద్ద సీసం కంటే ఇది శరీరంలోకి సులభంగా చేరుతుంది. పిల్లలున్న ఇంట్లో ఆ డబ్బా ఉండటమే నాకు ఇష్టం లేదు. దాన్ని కాలువలో పారబోయడానికీ వీల్లేదు, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వాలి. అరగంట తోముడు తప్పించుకోవడానికి ఇంత తలనొప్పి ఎందుకు? నేను వాడను, మీకూ వద్దంటాను.

ఓవెన్ క్లీనర్, బ్లీచ్, బ్రేక్ క్లీనర్, ఇవి?

ఓవెన్ క్లీనర్లలో చాలావాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది, అది అల్యూమినియంను తినేస్తూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది. బ్లీచ్‌లోని క్లోరిన్ స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా గుంటలు పెడుతుంది. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్ అన్నిటికన్నా ప్రమాదం: కాగిన లోహం మీద చల్లితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. ఏ ద్రావకమైనా చల్లటి సప్రెసర్ మీదే, ఆరుబయటే.

అల్ట్రాసోనిక్ యంత్రం కొనడం దండగా?

స్టీలు, టైటానియంకు చక్కగా పనిచేస్తుంది. గోరువెచ్చటి నీళ్లు, తుపాకీల కోసం చేసిన సబ్బు ద్రావణం చాలు. అల్యూమినియం భాగాలను, రంగు పూత వేసిన గొట్టాన్ని క్షార ద్రావణంలో పెట్టకండి, పూత లేచిపోతుంది. ఆ యంత్రంలో కళ్లజోడు, నగలు మళ్లీ కడగవద్దు. ఒకసారి సీసం పడ్డాక అది సీసానికే.

నాది విప్పడానికి వీల్లేని రకం. లోపల ఎలా కడగాలి?

ఒక వైపు రంధ్రం రబ్బరు బిరడాతో మూసి, పుస్తకంలో అనుమతించిన ద్రావకం నింపి ఒక రాత్రి నిలబెట్టండి. మర్నాడు పాత డబ్బాలోకి వంచి, అరచేతితో తట్టి, నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి ఆ నీళ్లనూ డబ్బాలోకే వంచండి. వచ్చే నల్లనీళ్లలో సీసం ఉంటుంది కాబట్టి డబ్బాలోనే ఉంచి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపండి. రెండు రోజులు నిలువుగా ఆరనిచ్చాకే తుపాకీకి. రైఫిల్ సప్రెసర్‌లో నీళ్లు నిలిచి ఉండగా కాలిస్తే పీడనం హద్దు దాటి గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు.

స్నేహితుడి దగ్గర మంచి యంత్రం ఉంది. వాళ్లింట్లో ఇచ్చి వారం తర్వాత తెచ్చుకోవచ్చా?

వదిలి రాకండి. మీ పేర రిజిస్టరైన సప్రెసర్‌ను అనుమతి లేకుండా ఇంకొకరి అధీనంలో ఉంచడం చట్టరీత్యా బదిలీ కింద లెక్కకు రావచ్చు. మీరూ వెళ్లి, కాఫీ తాగుతూ పక్కన కూర్చుని కడిగించుకుని, వెంట తెచ్చుకోండి.

వంటగది సింకులో కడగవచ్చా?

వద్దు. సీసానికి వాసన లేదు, రుచి తెలియదు, పిల్లల మెదడుకు సురక్షితమైన మోతాదు అంటూ లేదు. గ్యారేజీలో ఒక బకెట్టు దీనికే ఉంచండి. పని అయ్యాక చేతులు చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి కడగండి, వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి, ఆ తర్వాతే పిల్లల్ని ఎత్తుకోండి.

## దాచేటప్పుడు

స్టెయిన్‌లెస్ కదా, తుప్పు పట్టదనుకున్నాను. పట్టింది!

స్టెయిన్‌లెస్ అంటే తుప్పు తక్కువ అని, రాదని కాదు. మందు కాలినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది, చల్లారాక అది లోపల చెమటలా పడుతుంది. హ్యూస్టన్ గాలిలో తేమ మన కాకినాడకు తీసిపోదు. తుపాకీ నుంచి తీసి, రెండు వైపులా గాలి ఆడేలా ఒక రాత్రి నిలువుగా ఉంచండి. ఆ తర్వాత బీరువాలో తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో పాటు పెట్టండి. తుపాకీకే బిగించి ఉంచుతానంటే మూతి కిందికి పెట్టండి, లేదంటే ఆ తడి బ్యారెల్‌లోకి దిగుతుంది.

## పాడైనప్పుడు

మొదటి బ్యాఫిల్ అరిగింది. స్పేర్ బ్యాఫిల్ తెప్పించి నేనే మార్చుకుంటే?

అమెరికా చట్టంలో విడి బ్యాఫిల్ కూడా సప్రెసర్ భాగమే, దాన్ని మీరు తెప్పించుకుని ఉంచుకోవడమే నేరం కావచ్చు. సాల్వెంట్ ట్రాప్ (శుభ్రం చేసే ద్రావకాన్ని పట్టేది) పేరుతో ఇంటర్నెట్‌లో అమ్మే గొట్టాల జోలికీ వెళ్లకండి, వాటిని సప్రెసర్లుగానే పరిగణించి తుపాకీల చట్టాలు అమలు చేసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ కేసులు పెట్టింది. తయారీదారుకు ఫోన్ చేయండి. లైసెన్సు ఉన్నవాళ్లు మాత్రమే లోపలి భాగాలు మార్చగలరు. చాలామంది తయారీదారులు వరస తప్పి తగిలిన తూటా దెబ్బలను కూడా బాగుచేసి పంపుతారు, ఖర్చు ఎవరిదన్నది వారంటీని బట్టి ఉంటుంది. పంపే ముందు సీరియల్ నంబరు స్పష్టంగా కనబడేలా ఫొటో తీసుకోండి, దాని మీద గీకుడూ పాలిషూ ఎప్పుడూ చేయకండి.

ఈమధ్య చప్పుడు పెరిగినట్టుంది. చెవి భ్రమా?

కావచ్చు, కాకపోవచ్చు. చల్లటి సప్రెసర్‌లో మొదటి తూటా కాస్త గట్టిగా వినిపిస్తుంది. లోపలి ఆక్సిజన్‌తో మిగిలిన మందు వాయువు కాలడమే కారణం. రెండో తూటా నుంచి తగ్గితే అది మామూలే. ప్రతి తూటా గట్టిగా వినిపిస్తూ, గురి కూడా చెదురుతుంటే ఆపి లోపల టార్చి వేసి చూడండి. ఒక బ్యాఫిల్ రంధ్రం అంచున నెలవంకలాంటి మెరిసే గాటు కనబడితే తూటా తగిలిందన్నమాట.

సప్రెసర్ ఉన్నా చెవులకు రక్షణ తీయకండి. అది తగ్గించేది 20 నుంచి 35 డెసిబెల్స్ మాత్రమే. 165 డెసిబెల్స్ దగ్గర మొదలయ్యే రైఫిల్‌కు అంత తీసేసినా మిగిలేది గుసగుస కాదు.